మోకాలెత్తు గోరింట

నేను ఒక తోట కత్తెరను. ఆ పొద్దున కూడా త్రిమూర్తులు మాష్టారు వసారా మెట్టు మీద కూర్చుని, కిరసనాయిలు తడిపిన గుడ్డతో నా రెక్కలు తుడుస్తూ ఉన్నారు. ఇది ఆయనకు రోజూ ఉండే పని. ముందురోజు నన్ను వాడినా తుడుస్తారు, వాడకపోయినా తుడుస్తారు. ముందు కుడి రెక్క, తరువాత ఎడమ రెక్క, ఆఖరున రెండింటినీ కలిపే మర మీద ఒక చుక్క ఆముదం. అప్పుడు నన్ను చెవి దగ్గర పెట్టుకుని గాలిలో ఆడించి చప్పుడు వింటారు. ఆ చప్పుడులో ఆయనకు ఏం వినపడుతుందో నాకు తెలియదు. తల ఊపి మేకుకు తగిలిస్తారు. కానీ ఆ పొద్దున మేకుకు తగిలించలేదు. ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఉన్న చెట్ల కంచె వైపు చాలాసేపు చూశారు.

ఎందుకు చూశారో చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి. నేను చెప్పేదంతా నాకు అర్థమైందని మాత్రం అనుకోకండి. ఇంతకాలం మనుషుల చేతుల్లోనే ఉన్నాను గాని, వాళ్ళు ఏ పని ఎందుకు చేస్తారో ఇప్పటికీ నాకు తికమకే.

అసలు నేను ఒక వస్తువునో రెండు వస్తువులనో కూడా నాకు సరిగా తెలియదు. ఒకప్పుడు లారీ కింద కమాను బద్దను. ఇటుకల బరువూ ధాన్యం బరువూ మోసి మోసి ఒకనాడు విరిగాను. పాత ఇనుములోంచి నన్ను ఏరుకొచ్చిన కమ్మరి, రోడ్డు పక్కన తన కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, రెండు రెక్కలు చేశాడు. అప్పటిదాకా ఒకటిగా ఉన్న నన్ను రెండు చేసి, ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో మర బిగించి, మళ్ళీ ఒకటన్నాడు. తుమ్మకర్ర పిడులు వేశాడు. "మరీ బిగిస్తే కదలదు, మరీ వదిలేస్తే తెగదు" అని తనలో తను అనుకుంటూ ఆ మరను అటూ ఇటూ తిప్పాడు. తరువాత రోజుల్లో మాష్టారింటి వసారాలో కూర్చుని పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకునే వాళ్ళు కూడా ఇంచుమించు ఇలాగే అనడం విన్నాను.

కమ్మరి దగ్గర నుంచి కడియం వైపు ఒక నర్సరీకి వెళ్ళాను. అక్కడి మొక్కలన్నీ నోరు తిరగని పేర్లు పెట్టుకున్నవి. వాటిని ఏనుగుల్లా, నెమళ్ళలా, కుర్చీల్లా కత్తిరించేవారు. మొక్కను మొక్కలా ఎందుకు ఉండనివ్వరో నాకు తెలిసేది కాదు. ఏనుగు తొండం మీద కొత్త చిగురు వేస్తే అది తప్పు. వెంటనే నన్ను తెచ్చి ఆ చిగురు తీసేసేవారు. చిగురు వేయకపోతే మొక్కకు జబ్బు చేసిందని మందు కొట్టేవారు. వేసినా తప్పే, వేయకపోయినా తప్పే.

ఒకరోజు ఆ నర్సరీకి మెడలో ఈల వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చారు. హైస్కూల్లో డ్రిల్లు మాష్టారు. మొక్కలు చూడటానికి వచ్చి, మొక్కల్ని వదిలేసి నన్ను పట్టుకున్నారు. అటూ ఇటూ ఆడించి చూశారు.

"ఇది ఇచ్చేస్తావా?"

"మొక్కలు కొనకుండా కత్తెరేం చేసుకుంటారండీ?" అని నర్సరీ యజమాని నవ్వాడు.

"మొక్కలు మా ఆవిడ పెంచిందయ్యా. బోలెడున్నాయి. క్రమశిక్షణే లేదు."

అలా నేను త్రిమూర్తులు మాష్టారి చేతికి వచ్చాను.

ఆయన ఇల్లు మండపేట శివార్లలో, కాలువకు ఇవతల. ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ లేదు. మాష్టారి భార్య అనంతలక్ష్మిగారు కాపురానికి వచ్చిన కొత్తలో కాలువ గట్టు మీద నుంచి తెచ్చి గుచ్చిన కొమ్మలే పెరిగి కంచె అయ్యాయి. ఎక్కువ గోరింట. మధ్యమధ్య అడ్డసరం, చివర వావిలి. నర్సరీలో ఎవరూ అమ్మనివి, ఎవరూ కొననివి, నీళ్ళు పోయకపోయినా బతికేవి. వీధిలో ఎవరికి దగ్గు పట్టినా అడ్డసరం ఆకు కోసం వచ్చేవారు. ఏ ఇంట్లో పురుడు వచ్చినా బాలింత స్నానానికి నీళ్ళలో మరగబెట్టడానికి వావిలాకు. ఆషాఢం వచ్చిందంటే గోరింటాకుకు ఆడపిల్లలు గుంపులుగా దిగేవారు. అనంతలక్ష్మిగారి తోట పని అంటే అదే, అడిగిన వాళ్ళకు విరిచి ఇవ్వడం. ఒకళ్ళు ఇటు విరిస్తే ఇంకొకళ్ళు అటు విరవడంతో ఆ కంచె అప్పుడే నిద్ర లేచిన పిల్ల జుట్టులా ఉండేది.

మాష్టారు రెండు చివర్లా కర్రలు పాతారు. పురికొస లాగి కట్టారు. నన్ను చేతిలోకి తీసుకుని ఈల వేశారు. నిజంగానే వేశారు. ఆ చెట్లు ఉలిక్కిపడి నిలబడతాయని అనుకున్నారో ఏమో. సాయంత్రానికి కంచె నడుమెత్తున, పైన బల్లపరుపుగా తయారైంది. అనంతలక్ష్మిగారు గుమ్మంలోంచి చూసి, "బళ్ళో పిల్లలకి క్షవరం చేయించినట్టుందండీ" అన్నారు.

"కత్తిరిస్తేనే గుబురుగా పెరుగుతుంది," అన్నారు మాష్టారు.

పెరగడం కోసం కత్తిరిస్తారా, పెరిగిందని కత్తిరిస్తారా అన్నది నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. కానీ ఆయన అన్నది అబద్ధం కాదు. నేను ఒక కొమ్మ తల తీస్తే ఆ పక్కనుంచి రెండు వచ్చేవి.

అవతలి ఇల్లు వెంకాయమ్మగారిది. ఆవిడ, ఒక గేదె, మోటార్లు బాగుచేసే కొడుకు సురేంద్ర. నడుమెత్తు కంచె మీదుగా ఇటు నుంచి కూర వెళ్ళేది, అటు నుంచి పాలు వచ్చేవి. ఆడవాళ్ళిద్దరూ చెరో వైపు నిలబడి, ఆకులు తుంపుకుంటూ, వీధిలో అందరి సంగతులూ మాట్లాడుకునేవారు. నేను పై కొమ్మలు కత్తిరించినప్పుడల్లా మాష్టారి కూతురు దేవిక వసారాలో స్తంభానికి ఆనుకుని తదేకంగా చూసేది. నన్నే చూస్తోందని అనుకునేవాణ్ణి. నా పని ఒక పిల్లకు ఇంత నచ్చిందా అని గర్వంగా కూడా ఉండేది. దేవిక చూస్తున్నది కంచె అవతల మోటారు విప్పుకుంటున్న సురేంద్రనని, వాళ్ళు మాఘమాసంలో అన్నవరం కొండ మీద పెళ్ళి చేసుకుని వచ్చాక గాని నాకు తెలియలేదు. మాష్టారికీ అప్పుడే తెలిసింది.

మెడల్లో దండలతో ఇద్దరూ ఆటో దిగినప్పుడు మాష్టారు కంచె దగ్గర నన్ను పట్టుకునే ఉన్నారు. దేవిక ఇటు వైపు రెండడుగులు వేసి ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఆయన ఇంటి వైపు తిరిగి, భార్యతో చెప్తున్నట్టుగా, కానీ వీధంతా వినపడేట్టుగా అన్నారు.

"లక్ష్మీ, విను. నేనున్న ఇంట్లో అది అడుగు పెట్టదు."

"పక్కింట్లోనే ఉంటుంది కదండీ..." అన్నారు అనంతలక్ష్మిగారు. ఏడుస్తూ అన్నారో, ఏం చెప్పాలో తెలియక అన్నారో.

దేవిక అటు వెళ్ళింది. వెంకాయమ్మగారు కాసేపు నోరు తెరుచుకుని నిలబడి, తరువాత తలుపు తీసి, హారతి పళ్ళెం కోసం లోపలికి పరుగెత్తారు.

ఆ రోజు నుంచి మాష్టారు కంచె పైభాగాన్ని కత్తిరించడం మానేశారు. తమ వైపు పక్కను మాత్రం పురికొస పట్టి, పీట వేసుకుని, నిట్టనిలువుగా చెక్కేవారు. కంచె ఛాతీ ఎత్తు దాటింది, మనిషెత్తు దాటింది. ఇటు వైపు గోడలా నున్నగా ఉండేది, అటు వైపు పట్టించుకునే వాళ్ళు లేక జడలు కట్టింది. సగం గడ్డం గీసుకుని సగం వదిలేసిన మనిషిలా ఉండేది. అయినా మాష్టారికి నచ్చింది. ఇటు నుంచి చూస్తే అటు ఇల్లే లేనట్టు ఉంది. ఇల్లు లేదు గాని చప్పుళ్ళున్నాయి. దేవిక గాజుల చప్పుడు, గేదెను అదిలించే గొంతు, కవ్వం చప్పుడు. అవి వినపడినప్పుడల్లా మాష్టారు నన్ను గట్టిగా ఆడించేవారు. కత్తిరించడానికి ఏమీ లేకపోయినా ఆడించేవారు. నేను గాలిని కత్తిరిస్తూ, ఇది ఏ తోట పని కిందికి వస్తుందా అని ఆలోచించేవాణ్ణి.

పైన మందం పెరిగేకొద్దీ కింద ఎండ తగలడం మానేసింది. కింది ఆకులు పండి రాలిపోయాయి. పైన పచ్చటి గోడ, కింద వట్టి కాళ్ళు. మధ్యలో ఒకచోట రెండు గోరింట మొదళ్ళ నడుమ పెద్ద కంత పడింది. ఎత్తైన పీట మీద నిలబడి పని చేసే మనిషికి అది కనపడదు. మొదట వెంకాయమ్మగారి కోడిపెట్టకు కనపడింది. తరువాత అనంతలక్ష్మిగారికి.

ఒక మధ్యాహ్నం మాష్టారు నన్ను కంచె మొదట్లో వదిలేసి భోజనానికి వెళ్ళారు. తిని ఆయన పడుకున్నాక అనంతలక్ష్మిగారు వచ్చి నా పక్కనే కూలబడ్డారు. చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె. కంతలోంచి అటు తోశారు. అటు నుంచి గాజుల చెయ్యి అందుకుంది.

"మామిడికాయ పప్పా అమ్మా?"

"ఊఁ. వేడిగా ఉంది, కొంగుతో పట్టుకో."

"నాన్న తిన్నారా?"

"రెండుసార్లు వడ్డించుకున్నారు. కోపం ఉన్న రోజు ఎక్కువ తింటారుగా."

దేవిక నవ్వింది. తరువాత ఆ నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, అమావాస్య వెళ్ళగానే ఆషాఢం. అత్తయ్య పొద్దున్నుంచీ ఒకటే గొడవ. ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒక గడప దాటకూడదట. పుట్టింటికి వెళ్ళాల్సిందేనట."

"వెళ్ళాలే మరి. నన్నూ పంపారు, ఆవిణ్ణీ పంపే ఉంటారు."

"ఎక్కడికి వెళ్ళను?"

అనంతలక్ష్మిగారు ఎండుటాకు ఒకటి తీసి ముక్కలు చేస్తూ కూర్చున్నారు.

"గొడవ పెట్టుకోవాలని లేదమ్మా నాకు," అంది దేవిక. "నాన్న నాతో మాట్లాడకపోయినా పర్లేదు. నెల్రోజులు నా మంచం మీద నేను పడుకుని, పొద్దున్నే నువ్వు లేపితే లేవాలని ఉంది. అంతే."

"నేను అడుగుతాలే."

"అడగకు. మళ్ళీ ఆ మాటే అంటారు. నువ్వు మళ్ళీ అన్నం మానేస్తావు."

పుట్టిల్లు దూరమైతే వెళ్ళడానికి కష్టమని విన్నాను. ఇది చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఇంత దగ్గర ఉన్నదానికి ఎలా వెళ్ళాలో వాళ్ళిద్దరికీ తెలియడం లేదు. నాకు ఆ రోజు తలకిందులుగా పడి ఉన్నందువల్ల అర్థం కాలేదని అనుకున్నాను. నిలబడ్డాక కూడా అర్థం కాలేదు.

అనంతలక్ష్మిగారు అడగడానికి ధైర్యం కూడగట్టుకుంటూ ఉండగానే వెంకాయమ్మగారు అడిగేశారు. పెళ్ళి ముందు దాకా ఆవిడ మాష్టారిని 'మాష్టారండీ' అనేవారు. వియ్యపురాలు అయ్యాక వరస మార్చారు.

"అన్నయ్యగారూ! ఉన్నారాండీ?" అని కంచె అవతల నుంచి కేక.

మాష్టారు నన్ను ఆపకుండానే, "లక్ష్మీ, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. మనకి ఆ వైపు చెల్లెళ్ళెవరూ లేరని చెప్పు" అన్నారు.

"ఆయ్, ముందు లేకపోతే ఇప్పుడొచ్చాను కదండీ. ఆషాఢం వత్తందండి. మీ పిల్లని మీరు తీసుకెళ్ళాలండి. నేనేం తరిమెయ్యట్లేదు, బంగారం లాంటి పిల్ల. నా గేదె కూడా నన్నొదిలేసి దాని ఎనకే తిరుగుతంది. కానీ ఆచారం ఆచారమేనండి. మా అత్త నన్ను పంపింది, నేను నా కోడల్ని పంపాలి."

"అన్నవరం కొండ ఎక్కినప్పుడు గుర్తు రాని ఆచారం ఇప్పుడొచ్చిందా అని అడుగు లక్ష్మీ."

"అడక్కండి వదినగారూ, వినపడిందండి! కొండెక్కింది పిల్లలండి, నేను కాదు. ఆటో దిగేదాకా నాకూ తెలీదు. నేను తలుపు తీశాను, ఆయన ఏసుకున్నారు. అదేనండి తేడా."

మాష్టారు ఒక అడ్డసరం కొమ్మను మొదలంటా కత్తిరించారు. అది చేసిన తప్పేమీ లేదు.

ఆ మర్నాడు కోడిపెట్ట ఆయన కళ్ళ ముందే ఆ కంతలోంచి దర్జాగా వచ్చింది. ఎక్కడ నుంచి వచ్చిందా అని వంగి చూశారు. కంత కనపడింది. అందులో కడిగి బోర్లించిన స్టీలు గిన్నె కూడా కనపడింది. దాన్ని బయటికి తీశారు. గిన్నె అంచు మీద చుక్కల అక్షరాలతో ఆయన పేరే కొట్టించి ఉంది. తను లేదనుకుంటున్న ఇంటికి తన పేరు రోజూ వెళ్ళి వస్తోంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉంటే, ఇప్పుడు విసిరేస్తారని అనుకున్నాను. విసరలేదు. వంటింటి గుమ్మంలో పెట్టి వచ్చారు.

తరువాత ఆ కంతకు కొబ్బరిమట్ట అడ్డం పెట్టారు. కోడి దాన్ని పక్కకు తోసింది. రెండు ఇటుకలు పెట్టారు. అవి సాయంత్రానికి లేవు, ఎవరు తీశారో ఎవరూ చెప్పలేదు. చివరికి అనంతలక్ష్మిగారి దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, "ఆ కింద బోసిగా పోయింది. ఏం చేస్తే గుబురు వస్తుంది?" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ చెట్ల గురించి ఆయన ఆవిణ్ణి అడగడం అదే మొదలు.

ఆవిడ బియ్యం ఏరుతూనే చెప్పారు.

"పైన అంత బరువు పెట్టుకుంటే కిందకి ఎండెక్కడిదండీ? మోకాలెత్తుకి కొట్టెయ్యాలి. వానలు పడుతున్నాయి కాబట్టి మొదట్నుంచి చిగురు పెట్టుకొస్తుంది."

"కొట్టేస్తే మధ్యలో అడ్డం ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. దీపావళి దాకా ఏమీ ఉండదు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీ ఇష్టం. కోడి కాదు, చీమ కూడా దూరదు."

ఆయన ఆవిడ మొహంలోకి చూశారు. ఆవిడ బియ్యంలోకి చూశారు. కంత ఆవిడకు కావాలి, మూసేసే ఉపాయం ఆవిడే చెప్పారు. ఆవిడ చెప్పింది కంచె కోసమా, ఇంకెందుకైనానా? అడ్డం లేకపోతే రోజూ పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పదని ఆవిడకు తెలుసా? తెలిసే ఉంటుంది. మాష్టారికి మాత్రం ఆ విషయం తట్టలేదనే అనుకుంటాను. ఆయన దృష్టంతా కంత మీదే.

నేను మొదట చెప్పిన పొద్దున ఇదే. నన్ను ఒళ్లో పెట్టుకుని కంచె వైపు చాలాసేపు చూసి, లేచి, పంచె ఎగ్గట్టి, పీట వేసుకున్నారు.

లేత కొమ్మలు నా పని. ముదురు కాండాలకు కొట్టుడు కత్తి తెచ్చుకున్నారు. పై నుంచి వరస వరసగా దించుకుంటూ వచ్చాం. గోరింట కొమ్మలు పడుతూ ఉంటే పచ్చి వాసన. పెరిగిన పైకొమ్మల మీద ఈ ఏడాదే మొదటిసారి పూసిన తెల్లటి పూతంతా ఆయన నెత్తి మీద రాలింది. అటు దేవిక దండెం మీద బట్టలు ఆరేస్తోంది. కంచె దిగుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా కనపడింది. ముందు పైకెత్తిన చేతులు. తరువాత జుట్టు ముడి. నుదురు, కళ్ళు, మెళ్ళో పసుపుతాడు. ఆ పసుపుతాడు కనపడ్డాక మాష్టారు ఆగారు. ఇక్కడితో చాలించి లోపలికి వెళ్ళిపోతారని అనుకున్నాను. వెళ్ళలేదు. పీట దిగి, దాన్ని పక్కకు తన్ని, ఇంకా కిందికి కత్తిరించారు. ఆయన ఎందుకు ఆగలేదో నాకు తెలియదు. మోకాలెత్తు అంటే మోకాలెత్తే. లెక్క ప్రకారం చేసే మనిషి.

"నాన్నా, చెయ్యి తెగింది" అంది దేవిక.

నిజమే. ఏదో మోడు గీసుకుని, మణికట్టు మీద నుంచి నా పిడి మీదికి రక్తం కారుతోంది. ఆయన చూసుకోలేదు. దేవిక మాట విన్నాక చూసుకున్నారు. కూతురి వైపు తలెత్తకుండా, "లక్ష్మీ, పసుపు" అని కేకేశారు. పసుపు అద్దుతున్నంతసేపూ అనంతలక్ష్మిగారు ఒకసారి భర్త చేతిని, ఒకసారి కూతురి మొహాన్ని చూస్తూ ఉన్నారు. వాళ్ళిద్దరి మధ్యా ఇప్పుడు మోకాలెత్తు మోళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా ఎవరూ దాటలేదు. ఇంతకాలం అడ్డం ఆ చెట్లేనని నేను నమ్మాను. చెట్లు పోయినా అడ్డం పోలేదు. మరి నేను పొద్దున్నుంచీ కత్తిరించింది ఏమిటి?

సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళు వచ్చారు. నరికిన గోరింట వాకిట్లో గుట్టగా పడి ఉంటే వాళ్ళకు పండగే. ఒళ్ళో పోసుకుని దూస్తూ, ఈసారి మాష్టారు కొమ్మలకు కొమ్మలే ఇచ్చేశారని నవ్వుకున్నారు. ఒకావిడ ఉండబట్టలేక, "ఈ ఏడు మీ పిల్ల ఆషాఢానికి వత్తందాండీ?" అని అడిగేసింది. పక్కావిడ మోచేత్తో పొడిచింది. అనంతలక్ష్మిగారు, "ఈ రెమ్మ లేతగా ఉంది, తీసుకోండి" అన్నారు.

ఆవిడ ఆ రాత్రి అన్నాలయ్యాక భర్తను అడిగారు. వసారాలోకి మాటలు వినపడ్డాయి.

"ఏవండీ, రేపే అమావాస్య. పిల్లని తీసుకొస్తానండీ."

"చెప్పాను కదా ఒకసారి."

"చెప్పారు. మీరున్న ఇంట్లో అది అడుగు పెట్టదన్నారు. అది పుట్టింది ఈ ఇంట్లోనే. మళ్ళీ అడుగు పెట్టడానికి ఇది వేరే ఇల్లయిపోయిందా?"

"అన్న మాట వెనక్కి తీసుకోమంటావా? వీధంతా విన్నారు."

"వీధి కూడా మర్చిపోయిందండీ. మీకే గుర్తుంది."

లోపల లైటు తీసేశారు.

అమావాస్య వెళ్ళింది. ఆషాఢం మొదటి పొద్దున వాన పడుతూనే తెల్లవారింది. రాత్రి మొదలైనది ఇంకా తగ్గలేదు. నేను మేకు మీద ఉన్నాను. కంచె లేదు కాబట్టి వసారా గోడ నుంచి అవతలి వాకిలంతా నాకు కనపడుతోంది. వెంకాయమ్మగారి గేదె పాకలో, గేదెకు ఇవతల ఒక నులకమంచం. దాని మీద మునగదీసుకుని వెంకాయమ్మగారు. పాక తాటాకు కారుతున్న చోట సురేంద్ర నీలం పట్టా కడుతున్నాడు. దేవిక గొడుగు పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉంది.

"అత్తయ్యా, లోపలికి రండి. మంచం కూడా తడిసిపోయింది."

"నేనొత్తే నువ్వు బయటికెళ్ళాలి. ఎక్కడికెళ్తావే పిల్లా?"

"ఎక్కడో అక్కడికి వెళ్తాను. మీరు ఈ వయసులో పాకలో పడుకోవడమేంటి?"

"గడప దాటకూడదన్నారు గాని, ఎవరు దాటకూడదో చెప్పలేదు కదా. కోడలెళ్ళాలి. కోడలికి పుట్టిల్లు లేదు. అత్త ఎళ్ళింది. శాస్త్రం సరిపోయింది. ఒరే సురేంద్రా, ఆ మూల కూడా కట్రా, గేదె తడుత్తంది."

"గేదె కాదు, నువ్వు తడుస్తున్నావే అమ్మా."

"నాకేం, ఎండొత్తే ఆరిపోతాను."

దేవిక గొడుగు ఆవిడ మీద పెట్టి, తను తడుస్తూ నిలబడింది. ముక్కు ఎగబీలుస్తోంది. వాన వల్లో, ఏడుపు వల్లో నాకు ఇంత దూరం నుంచి తెలియలేదు.

మాష్టారు ఆ సరికే లేచి వసారాలోకి వచ్చారు. చేతిలో కిరసనాయిలు గుడ్డ. నన్ను తీయలేదు. స్తంభం దగ్గర నిలబడి, ఆ పాకను చూస్తూ ఉండిపోయారు. ఆ పెద్ద కంచె ఉండి ఉంటే ఆయనకు వాన తప్ప ఏమీ కనపడేది కాదు. వెనక నుంచి అనంతలక్ష్మిగారు వచ్చారు. అరచేతుల్లో రాత్రి పెట్టుకున్న గోరింటాకు ఎర్రగా పండింది.

"రాత్రంతా అక్కడే పడుకుందండి ఆవిడ," అన్నారు. తీసుకొస్తానని మళ్ళీ అడగలేదు.

మాష్టారు లోపలికి వెళ్ళారు. బీరువా తలుపు చప్పుడైంది. ఇంకేదో పెట్టె జరిపిన చప్పుడు. అనంతలక్ష్మిగారు గుమ్మంలోకి తొంగి చూసి, ఏమీ అర్థం కానట్టు నిలబడ్డారు. కాసేపటికి ఆయన ఉతికిన చొక్కా వేసుకుని బయటికి వచ్చారు. భుజానికి సంచి. మూత పడక, గడ్డం గీసుకునే సామాను, మడత పంచెలు పైకి కనపడుతున్నాయి. ఒక పూటకు వెళ్ళే మనిషి సర్దుకునే సంచి కాదది.

"కాఫీ పెట్టాను... ఎక్కడికండీ? రామచంద్రపురం మీ అక్కయ్య వాళ్ళింటికా?"

ఆయన చెప్పులు వేసుకున్నారు. గొడుగు కోసం అటూ ఇటూ చూశారు. ఆవిడ తెచ్చి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు గొడుగును కాసేపు వదల్లేదు. అప్పుడు ఆవిడకు ఏదో తట్టినట్టుంది, "మీరున్న ఇంట్లో..." అన్నారు. చెయ్యి వదిలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆయన మెట్లు దిగి, కత్తిరించిన కంచె పక్క నుంచే నడిచారు. అటు దేవిక తిరిగి చూసింది. వెంకాయమ్మగారు మంచం మీద లేచి కూర్చున్నారు. పైట సర్దుకున్నారు. మోళ్ళ మొదట్లో అప్పుడే ఎర్రటి చిగురు మొగ్గలు ఉబ్బుతున్నాయి. ఆయన వాటిని కూడా చూడలేదు. కోపంతో వెళ్తున్న మనిషి ఇంత నెమ్మదిగా నడుస్తాడా, ఓడిపోయిన మనిషి ఇంత నిటారుగా నడుస్తాడా, నేను తేల్చుకోలేకపోయాను. ఆషాఢంలో ఇల్లు వదలాల్సింది కోడలన్నారు. తరువాత అత్త వదిలింది. ఇప్పుడు వీళ్ళిద్దరూ కాని ఈయన, సంచి భుజాన వేసుకుని, తన ఇంటి నుంచి తను వెళ్తున్నారు.

గేటు దగ్గర గొడుగు విప్పారు. వెనక్కి తిరగలేదు. గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి, అలాగే వదిలేసి, వానలో బస్టాండు వైపు వెళ్ళిపోయారు.